పరదేశికి తలుపు తీసిన ఇల్లు

డిసెంబరు వచ్చిందంటే అరకు కొండల్లో సాయంత్రం త్వరగా దిగిపోతుంది. ఐదు దాటకముందే లోయ మీద మంచు పరుచుకుంటుంది. కాఫీ తోటల్లో పండ్లు కోసి వచ్చినవారు చలిమంట దగ్గర చేతులు కాచుకుని, కాస్త తిని, గుంపులుగా క్యారల్స్‌కు బయల్దేరతారు. మందిరం ముందు వెదురు కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం పక్క ఊరికి కూడా కనబడుతుంది. తెలుగులో ఒక పాట, ఆదివాసీ ఒరియాలో ఒక పాట వినిపిస్తాయి. అరిసెలకు పిండి కొట్టే చప్పుడు అర్ధరాత్రి దాకా సాగుతుంది.

ఇంత సందడిలోనూ కొన్ని ఇళ్లలో తల్లి ఒక కంచం తీసి మళ్లీ లోపల పెట్టేస్తుంది. ఆ కంచంలో తినాల్సిన కొడుకు విశాఖపట్నంలో చదువుకుంటున్నాడు. కూతురు హైదరాబాదులో నర్సింగ్ చేస్తోంది. క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజుల సెలవే ఉంటుంది. పరీక్షలు దగ్గర పడ్డాయి, బస్సు చార్జీలకు డబ్బు లేదు, ఘాట్ రోడ్డు మీద ప్రయాణం ఒక పూట పని. కొండ దిగిన బిడ్డ హాస్టల్లోనే ఉండిపోతాడు. మన తెలుగు బిడ్డలు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలకు కూడా వెళ్తున్న ఈ రోజుల్లో, ఊళ్లన్నీ దీపాలతో వెలిగిపోతుంటే ఒంటరిగా ఒక గదిలో కూర్చుని ఇంటికి ఫోన్ చేసే పిల్లలు ఎంతమందో!

ఆ పిల్లలకు పండుగ ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న మనల్ని దాదాపు వందేళ్ల వెనక్కి, భూగోళానికి అవతల ఉన్న ఒక మంచు నగరానికి తీసుకువెళ్తుంది. అక్కడ ఒక దంపతులు తమ ఇంటి తలుపు ఒక పంజాబీ విద్యార్థికి తీశారు. ఆ విద్యార్థి తర్వాత మన తెలుగు నేలకు వచ్చి, లక్షలాది మందికి ఆత్మీయ సహోదరుడయ్యారు. ఆయనే భక్తసింగ్.

తల్లికి ఇచ్చిన మాట

భక్తసింగ్ 1903 జూన్ 6న పంజాబులోని జోయియా అనే గ్రామంలో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. సిక్కు మతాన్ని నిష్ఠగా ఆచరించిన కలిగిన కుటుంబం అది. తండ్రికి వ్యాపారం ఉంది. పెద్ద కొడుకు తన వెనుక ఆ వ్యాపారాన్ని చూసుకోవాలని ఆయన కోరిక. కొడుకు మంచి సిక్కుగా బ్రతకాలని తల్లి కోరిక.

చిన్నతనంలో భక్తసింగ్ చదివింది ఒక మిషను పాఠశాలలోనే. అయినా క్రైస్తవులంటే ఆయనకు గిట్టేది కాదు. పరీక్షలో ఉత్తీర్ణుడైనందుకు బహుమానంగా ఆయన చేతికి ఒక బైబిలు ఇచ్చారు. ఆయన ఆ గ్రంథాన్ని చింపివేసి, తోలుతో చేసిన అందమైన అట్టను మాత్రం దాచుకున్నారు. ఈ సంగతిని ఆయన తర్వాతి రోజుల్లో సాక్ష్యంలో దాచకుండా చెప్పేవారు. లోపలి మాటలు అక్కర్లేదు, పైనున్న తోలు చాలు అనుకున్న ఆ కుర్రవాడే ఒకనాడు ఆ మాటల కోసం ఆస్తిని, ఇంటిని వదులుకుంటాడని ఆ బడిలో ఎవరు ఊహించి ఉంటారు?

డిగ్రీ చదువు ముగిశాక ఇంగ్లండు వెళ్లి ఇంజనీరింగ్ చదవాలని ఆయనకు ఆశ పుట్టింది. తండ్రి ఒప్పుకోలేదు. తల్లి కొడుకు పక్షాన నిలబడింది. అయితే ఒక షరతు పెట్టింది. పరాయి దేశం వెళ్లి మతం మార్చుకోకూడదని మాట తీసుకుంది. కొడుకు మాట ఇచ్చాడు. అప్పుడు ఆయనకు అదొక పెద్ద షరతుగా తోచలేదు. క్రైస్తవులంటేనే పడనివాడికి ఆ మాట ఇవ్వడం ఎంత పని?

కొండ దిగి వెళ్లే మన పిల్లల దగ్గర కూడా తల్లులు ఇలాంటి మాటలు తీసుకుంటారు. ఆ మాటల వెనుక ఉన్నది మత ద్వేషం కాదు, బిడ్డ చేజారిపోతాడేమోనన్న భయం. భక్తసింగ్ జీవితాన్ని చదివేటప్పుడు ఆ తల్లి భయాన్ని మనం తేలికగా తీసిపారేయకూడదు.

ఓడలో వంగిన మోకాళ్లు

1926లో ఆయన లండన్ చేరి, కింగ్స్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. అక్కడి జీవితం ఆయన్ను త్వరగానే మార్చింది. తలపాగా పోయింది, జుట్టు కత్తిరించారు, పొగ తాగడం, మద్యం అలవాటయ్యాయి. ఖరీదైన బట్టలు, నాటకశాలలు, విహారయాత్రలు. ఇంట్లోవారు మతం మారకూడదన్నారు గాని, మతాన్ని మరిచిపోకూడదని చెప్పలేదు. పరాయి దేశంలో ఒంటరి యువకుడికి ముందుగా ఎదురయ్యేది మతమార్పిడి కాదు, తానెవరో మరిచిపోవడం. ఎవరూ అడిగేవారు ఉండరు. తప్పు చేసినా చూసేవారు ఉండరు. ఇది 1926 లండన్‌లో ఎంత నిజమో, ఈనాడు మహానగరంలో గది అద్దెకు తీసుకున్న విద్యార్థి విషయంలోనూ అంతే నిజం.

1928 వేసవిలో ఆయన మరికొందరు విద్యార్థులతో కలిసి ఓడలో కెనడా చూడడానికి బయల్దేరారు. ఓడలోని మొదటి తరగతి భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరుగుతుందని తెలిసింది. ఓడలోని మిగతా వేడుకలన్నింటిలో పాలుపంచుకున్నాం, దీనికి మాత్రం ఎందుకు వెళ్లకూడదని ఆయన లోపలికి వెళ్లి కూర్చున్నారు. అందరూ ప్రార్థనకు మోకరించారు. ఆయనకు ఇబ్బంది అనిపించింది. లేచి వెళ్లిపోదామనుకున్నారు గాని, అది మర్యాద కాదనిపించింది. మసీదుకు వెళ్లినా, గుడికి వెళ్లినా అక్కడి పద్ధతిని గౌరవించి చెప్పులు విప్పాం కదా, ఇక్కడ మాత్రం ఈ బింకం ఎందుకని తనలో తాను అనుకుని మోకరించారు. ఆ క్షణంలో తన చదువు, జాతి, కులం అనే గర్వమంతా కరిగిపోయినట్టు, చెప్పలేని సంతోషం తనను కమ్ముకున్నట్టు ఆయనకు అనిపించింది. యేసు నామం ఆయన నోటికి వచ్చింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజు ఓడలో ఎవరూ ఆయన్ను బలవంతపెట్టలేదు. ఆయన్ను మోకరింపజేసింది ఇంటి దగ్గర నేర్చుకున్న మర్యాద. ఇతరుల ఆరాధనను గౌరవించాలనే మంచి పెంపకాన్ని కూడా దేవుడు తన పనికి వాడుకున్నాడు.

మంచు నగరంలో

లండన్‌కు తిరిగివచ్చిన భక్తసింగ్ 1929లో మళ్లీ కెనడా వెళ్లారు. ఈసారి విహారానికి కాదు, చదువుకోవడానికి. మానిటోబా విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగ్. ఆ విశ్వవిద్యాలయం విన్నిపెగ్ నగరంలో ఉంది. చుట్టూ గోధుమ పొలాలతో నిండిన మైదానాలు. అరకులో, లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరికి దిగిందంటే మన పత్రికలు మొదటి పేజీలో రాస్తాయి. విన్నిపెగ్‌లో డిసెంబరు రాత్రి సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోవడం మామూలు విషయం. నదులే గడ్డకట్టిపోతాయి. అలాంటి చోట ఇల్లంటూ లేనివాడికి చలి ఎముకల్లోకి దిగుతుంది.

చలి ఒక్కటే కాదు. ఆ రోజుల్లో కెనడా మనవారిని ఆదరించిన దేశం కాదు. 1914 మే నెలలో కొమగాట మారు అనే ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ రేవుకు చేరింది. వారిలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. రెండు నెలల పాటు ఓడను రేవులోనే నిలిపివేసి, 24 మందిని తప్ప మిగిలిన వారిని దేశంలో అడుగు పెట్టనివ్వకుండా జూలైలో వెనక్కి పంపేశారు. బ్రిటిష్ కొలంబియాలో స్థిరపడిన భారతీయులకు 1947 దాకా ఓటు హక్కే లేదు. భక్తసింగ్ విన్నిపెగ్ చేరింది ఆ ఓడను తిప్పిపంపిన 15 ఏళ్లకు. పంజాబు నుంచి వచ్చిన మనిషిని చూసి తలుపు వేసుకోవడమే అక్కడ చాలామందికి అలవాటైన కాలం అది.

ఓడలో కలిగిన అనుభవం ఆయన మనసులో ఏడాదికి పైగా నలుగుతూనే ఉంది. 1929 డిసెంబరు 14న ఆయన ఒక స్నేహితుడి దగ్గర కొత్త నిబంధన తీసుకుని చదవడం మొదలుపెట్టారు. తెల్లవారుజాము దాకా చదివారు. మరునాడూ వదల్లేదు. 16వ తేదీన యోహాను సువార్త మూడవ అధ్యాయానికి వచ్చారు. నికొదేము రాత్రివేళ ప్రభువు దగ్గరికి వచ్చిన ఘట్టం అది. కొత్తగా జన్మించడం గురించి ప్రభువు ఆ పండితుడితో చెప్పిన మూడవ వచనం ఆయన్ను ఆపేసింది. తన పాపాలు ఒక్కొక్కటిగా కళ్ల ముందు నిలిచాయి. ఒకప్పుడు తాను చింపివేసిన గ్రంథం కూడా గుర్తుకు వచ్చి ఉండదా? ఆయన తన పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందారు. అప్పుడు ఆయన వయసు 26.

డిసెంబరు 16కూ క్రిస్మస్‌కూ మధ్య తొమ్మిది రోజులే. భక్తసింగ్ విశ్వాసిగా చూసిన మొదటి క్రిస్మస్ పరాయి దేశంలో, మంచు నడుమ, తల్లిదండ్రులకు తెలియకుండా గడిచింది. బెత్లెహేములో ఆ మొదటి రాత్రి కూడా ఒక కుటుంబం సొంత ఊరికి దూరంగా, సత్రంలో చోటు దొరకక, పశువుల తొట్టి దగ్గర ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ పసివాణ్ణి ఎత్తుకుని తల్లిదండ్రులు ఐగుప్తుకు వెళ్లి పరదేశులుగా బ్రతికారు. మన ప్రభువు బాల్యమే పరాయి నేల మీద మొదలైంది.

హేవార్డ్ దంపతుల భోజనపు బల్ల

విన్నిపెగ్‌లో జాన్ హేవార్డ్, ఈడిత్ హేవార్డ్ అనే దంపతులు ఉండేవారు. వారు పేరుమోసిన ప్రసంగీకులు కాదు, మిషనరీలు కాదు. భక్తిగల సాధారణ విశ్వాసులు. వారికి ఈ భారతీయ విద్యార్థితో పరిచయమైంది. పరిచయం స్నేహమైంది. ఆదివారం చెయ్యి కలిపి పలకరించి పంపించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పండుగ పూట ఒకసారి భోజనానికి పిలిచి ఉన్నా మంచివారనే అందరూ అనుకునేవారు. కాని వారు అంతటితో ఆగలేదు. తమ ఇంట్లోనే ఉండమని ఆయన్ను పిలిచారు. ఆయన వెళ్లి వారితో కలిసి నివసించారు.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. రోజూ రాత్రి భోజనం అయ్యాక బల్ల దగ్గరే కూర్చుని బైబిలు చదివేవారు. అతిథి వచ్చాడని ఆ అలవాటు మానలేదు, అతిథి కోసం కొత్తగా మొదలుపెట్టలేదు. అది ఆ ఇంటి పద్ధతి. తిండి ఎలా రోజూ ఉంటుందో వాక్యం అలా రోజూ ఉంటుంది. కొత్త విశ్వాసికి అక్కడ దొరికింది పాఠశాలలో దొరకనిది. క్రైస్తవ కుటుంబం ఎలా ఉంటుందో లోపలి నుంచి చూసే అవకాశం అది. ఒక ఇంట్లో నెలల తరబడి ఉన్నవాడికి ఆ ఇంటివారి భక్తి నిజమో నటనో తెలియకుండా ఉండదు. భార్యాభర్తలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు, డబ్బు తక్కువైనప్పుడు ఏం చేస్తారు, కోపం వస్తే ఎలా సర్దుకుంటారు అన్నవన్నీ కనబడిపోతాయి.

భక్తసింగ్ మారుమనస్సు వాక్యం వల్ల, పరిశుద్ధాత్మ వల్ల కలిగింది. ఆ ఘనత ఏ మనిషికీ చెందదు. అయితే మొలకెత్తిన గింజకు నీడ కావాలి. కొండ పోడులో చోళ్లు చల్లిన రైతుకు ఈ సంగతి మనం చెప్పనక్కర్లేదు. గింజ మొలవడం దేవుని పని, మొలకను పశువులు తినకుండా కంచె కట్టడం మన పని. విన్నిపెగ్‌లో ఆ కంచె హేవార్డ్ దంపతులు కట్టారు.

మన ఉత్తరాంధ్ర విశ్వాసులకు కెనడా పేరు కొత్తది కాదు. కెనడా బాప్తిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టారు. బొబ్బిలి, విజయనగరం, పార్వతీపురం మీదుగా తూర్పు కనుమల్లోని సవర కొండల దాకా వెళ్లారు. జర్మనీలోని బ్రెక్లం నుంచి 1882లో మన దేశానికి వచ్చిన లూథరన్లు సాలూరు, కోరాపుట్, జయపురం ప్రాంతాల్లో పనిచేశారు. వారూ పరాయి దేశంలో క్రిస్మస్ చేసుకున్నవారే. వారికి చోటిచ్చింది, భాష నేర్పింది, జ్వరాల్లో కాపలా కాసింది మన ఊళ్లవారే. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినవారికి మనవారు తలుపు తీశారు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లినవాడికి హేవార్డ్ దంపతులు తలుపు తీశారు. దేవుని ఇంట్లో ఇచ్చేవాడు ఎప్పుడూ ఒకడే కాదు.

బొంబాయి రేవులో

1932 ఫిబ్రవరి 4న భక్తసింగ్ వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 18 ఏళ్ల కిందట పంజాబీలను దిగనివ్వని ఆ నగరంలోనే ఒక పంజాబీని సంఘం సహోదరుడిగా చేర్చుకుంది. ఆ తర్వాత ఆయన తన జీవితాన్ని పూర్తిగా ప్రభువు సేవకు అప్పగించుకున్నారు. ఏ సంస్థలోనూ జీతానికి చేరకుండా, తన అవసరాలు మనుషులకు చెప్పుకోకుండా, తన సొంత పథకాలు వేసుకోకుండా దేవుని మీదే ఆధారపడాలని తీర్మానించుకున్నారు. ఇంజనీరింగ్ పట్టా పక్కకు వెళ్లింది.

1933 ఏప్రిల్‌లో ఆయన బొంబాయి రేవులో దిగారు. తల్లిదండ్రులు పంజాబు నుంచి అంత దూరం వచ్చి ఎదురుచూస్తున్నారు. ఏడేళ్ల తర్వాత కొడుకును చూడబోతున్నారు. తన విశ్వాసం గురించి ఆయన ముందే ఉత్తరం రాశారు. తల్లికి ఇచ్చిన మాట నిలవలేదని వారికి తెలుసు. అయినా వచ్చారు. కొడుకు విశ్వాసాన్ని అయిష్టంగానే అంగీకరించి, ఒక్క కోరిక కోరారు. కుటుంబ గౌరవం కోసం ఈ సంగతి బయటికి చెప్పవద్దని, రహస్యంగా ఉంచుకోమని బతిమాలారు.

ఇది చిన్న పరీక్ష కాదు. కొట్టి, తిట్టి, క్రీస్తును వదలమంటే ఎదిరించడం ఒక రకంగా తేలిక. కన్నతల్లి కళ్లనీళ్లతో, నమ్ముకో గాని నోరు మాత్రం తెరవకు అంటే ఏం చెప్పాలి? మన కొండ గ్రామాల్లో కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఎందరో యువతీయువకులకు ఈ మాట తెలుసు. ఊరి పండుగలో, పెళ్లిలో, చావులో అందరితో కలిసి ఉండాల్సిన చోట ఈ ఒత్తిడి ఎంత బరువో వారికే తెలుసు.

భక్తసింగ్ ఒప్పుకోలేకపోయారు. తన ప్రాణం నిలిపినవాడి పేరు దాచుకోవడం తనకు సాధ్యం కాదని చెప్పారు. తల్లిదండ్రులు ఆయన్ను బొంబాయిలోనే వదిలి వెళ్లిపోయారు. పరాయి దేశంలో ఇల్లు దొరికినవాడు సొంత దేశంలో ఇల్లు లేనివాడయ్యాడు.

ఆ రోజు ఆ తల్లిదండ్రుల బాధను తలచుకుంటే మన గుండె కూడా బరువెక్కుతుంది. వారిని దుర్మార్గులుగా చిత్రించే హక్కు మనకు లేదు. ప్రభువును వెంబడించడానికి ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదును విశ్వాసి ఒక్కడే కాదు, అతన్ని ప్రేమించినవారు కూడా చెల్లిస్తారు. భక్తసింగ్ ఆ సంగతిని తేలికగా తీసుకోలేదు. ఎవరినీ నిందించకుండా బొంబాయి వీధుల్లోకి వెళ్లి, తనకు దొరికిన రక్షణను గురించి ప్రకటించడం మొదలుపెట్టారు.

ప్రేమ విందు

ఆ తర్వాతి కథ మన సంఘాల్లో చాలామందికి తెలిసిందే. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో గొప్ప ఉజ్జీవం వచ్చింది. ఆయన దక్షిణాదికి వచ్చారు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద తోటి సేవకులతో రాత్రంతా ప్రార్థించి, స్థానిక సంఘాలను కట్టే పనికి పూనుకున్నారు. మద్రాసులో యెహోవా షమ్మా, హైదరాబాదులో గోల్కొండ క్రాస్ రోడ్డు దగ్గర హెబ్రోను ఆ పనికి కేంద్రాలయ్యాయి. పంజాబులో పుట్టిన ఆయన్ను తెలుగువారు తమ వాడిగా చేసుకున్నారు. ఆయన మాటలను అనువాదకులు తెలుగులో చెబుతుంటే గంటల తరబడి కూర్చుని విన్నారు.

ఆయన ప్రసంగాలను గురించి ఎందరో రాశారు. మనం ఈ రోజు గుర్తుచేసుకోవాలనుకున్నది ఆయన సహవాసాల్లోని భోజనాన్ని. 1941 నుంచి ఏటా జరిగిన పరిశుద్ధ సమాజ కూడికలకు వేలాది మంది వచ్చేవారు. పెద్ద పందిళ్లు వేసి, నేల మీద చాపలు పరిచేవారు. అక్కడే ప్రార్థన, అక్కడే నిద్ర. వచ్చినవారందరికీ భోజనం పెట్టేవారు. దానికి రుసుము ఉండేది కాదు. వంట చేసేవారు, నీళ్లు మోసేవారు, వడ్డించేవారు అందరూ విశ్వాసులే. ఆదివారం ఆరాధన తర్వాత కలిసి తినే ప్రేమ విందు కూడా ఆ సంఘాల్లో పద్ధతిగా స్థిరపడింది.

ఇప్పటివారికి ఇది మామూలు విషయంగా తోచవచ్చు. టీ కొట్టులో వేరే గ్లాసు, బావి దగ్గర వేరే వరస ఉన్న పల్లెల నుంచి వచ్చినవారికి అది మామూలు కాదు. ఆఫీసరు పక్కన కూలీ, పట్నంవాడి పక్కన కొండవాడు ఒకే వరసలో చాప మీద కూర్చుని ఒకే గంటెతో వడ్డించిన అన్నం తిన్నారు. సమానత్వం గురించి వంద ప్రసంగాలు చేయలేని పని ఆ ఒక్క వరస చేసింది.

ఆ చాపల వరసను చూసినప్పుడు విన్నిపెగ్‌లోని ఆ చిన్న బల్ల మనకు గుర్తుకు వస్తుంది. పరదేశిగా ఒక ఇంట తిన్నవాడు, ఇల్లు లేనివాడిగా బొంబాయిలో తిరిగినవాడు, తర్వాత తన చుట్టూ ఉన్నవారికి బల్ల పరిచాడు. సొంత ఆస్తి కూడబెట్టుకోలేదు. హెబ్రోనులో విశ్వాసుల మధ్యనే జీవించారు. వృద్ధాప్యంలో పార్కిన్సన్స్ వ్యాధితో చాలాకాలం మంచం మీద ఉన్నారు. 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో ప్రభువు సన్నిధికి చేరారు. నారాయణగూడ సమాధుల తోటకు ఆయన్ను తీసుకువెళ్లిన రోజు నగర వీధులు జనంతో నిండిపోయాయి. బొంబాయి రేవులో ఒంటరిగా మిగిలినవాడికి అంత పెద్ద కుటుంబం ఏర్పడింది.

ఆ సహవాసాల్లో క్రిస్మస్‌ను పండుగగా ఆచరించని విశ్వాసులు చాలామంది ఉన్నారు. మన సంఘాల్లో నక్షత్రాలు కట్టి, సెమీ క్రిస్మస్‌లు జరిపి, డ్రామాలు వేసేవారు ఎందరో ఉన్నారు. ఎవరి మనస్సాక్షి వారిది. ఈ విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రోమా సంఘానికి రాశాడు. అయితే నక్షత్రం కట్టినా కట్టకపోయినా, పరదేశికి తలుపు తీయడంలో మాత్రం మన మధ్య భేదం ఉండడానికి వీల్లేదు. ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది అదే, అపొస్తలులు నేర్పిందీ అదే.

మన వాకిట్లో ఎవరున్నారు?

ఈ కథ చదివి, హేవార్డ్ దంపతులు గొప్పవారని మెచ్చుకుని, పత్రిక మడిచి పక్కన పెడితే ప్రయోజనం లేదు. ఈ డిసెంబరులో మనం చేయగలిగినవి ఉన్నాయి.

విశాఖపట్నంలోనూ ఇతర నగరాల్లోనూ ఉన్న సంఘాలు ముందుగా తమ చుట్టూ ఉన్న హాస్టళ్లను చూడాలి. పాడేరు, అరకు, చింతపల్లి, అనంతగిరి నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఉన్నారు. క్రిస్మస్ ఆరాధనలో వెనుక బెంచీలో కూర్చుని, ప్రార్థన ముగియగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేవారు వారే. కేకు ముక్క చేతిలో పెట్టి పంపించడం వేరు, ఇంటికి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడం వేరు. వార్డెన్ అనుమతి, తల్లిదండ్రులకు ఒక ఫోను తప్పనిసరి. ఆడపిల్లలను పిలిచేటప్పుడు ఇద్దరు ముగ్గురిని కలిపి పిలిస్తే వారికీ, ఇంటివారికీ నిశ్చింత.

కొండ మీది సంఘాలకు కూడా పని ఉంది. మనం పుచ్చుకునేవారం, పట్నంవారు ఇచ్చేవారు అనే ఆలోచన వదిలేద్దాం. దూరపు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయులు, ఆసుపత్రి నర్సులు, బ్యాంకు ఉద్యోగులు మన లోయలో ఉన్నారు. క్రిస్మస్‌కు వారికీ ఇంటికి వెళ్లే వీలు లేదు. మన ఇల్లు చిన్నదని, నేల మీదే కూర్చోవాలని, చోడి అంబలి తప్ప ఏమీ లేదని సిగ్గుపడనక్కర్లేదు. సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది తొట్టిలో పిడికెడు పిండి, కూజాలో కొంచెం నూనె. ఏలీయాకు అదే చాలింది.

ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు. అతిథికి పెట్టే అన్నం గాలానికి గుచ్చిన ఎర కాకూడదు. వచ్చినవారు ఏ మతంవారైనా కావచ్చు. వారేం తింటారో ముందే అడగాలి, వారి తల్లిదండ్రులను గౌరవంగా తలచుకోవాలి, నమ్మితేనే మళ్లీ రమ్మనే తీరు మన ముఖంలో కూడా కనబడకూడదు. హేవార్డ్ ఇంట్లో జరిగినట్టుగా, రోజూ చేసుకునే కుటుంబ ప్రార్థనను ఆ రోజూ చేసుకుంటే చాలు. ఇంట్లో రోజూ ప్రార్థన లేకపోతే, అతిథి వచ్చిన రోజున మాత్రం పెట్టే ప్రార్థనను అతడు ఇట్టే గుర్తుపడతాడు. అందుకే తలుపు తీయడానికి ముందు మన బల్ల మీద బైబిలు ఉందో లేదో చూసుకుందాం.

దూరంగా ఉన్న పిల్లలకూ ఒక మాట. ఎవరైనా ఇంటికి పిలిస్తే మొహమాటపడి తప్పించుకోవద్దు. పిలిచినవారు నమ్మదగినవారని పెద్దల ద్వారా తెలుసుకుని వెళ్లండి. మీ ఊరి పాట ఒకటి వారికి నేర్పండి. మీ అమ్మకు ఫోను చేసి ఆ ఇంటి తల్లితో మాట్లాడించండి. ఖాళీ కంచం చూసి కన్నీళ్లు పెట్టుకున్న ఆమెకు, తన బిడ్డకు ఎవరో అన్నం వడ్డించారని తెలిస్తే ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు ముక్కూ మొహం తెలియని బాటసారిని చీకటి పడుతోంది, మాతో ఉండమని బలవంతం చేశారు. దారి పొడవునా ఆయన లేఖనాలు వివరించినా వారి కళ్లు తెరుచుకోలేదు. బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు. పిలవకపోయి ఉంటే ఆయన ముందుకు సాగిపోయేవాడే. ఈ క్రిస్మస్‌కు మన వాకిలి ముందు నుంచి ఎవరు సాగిపోతున్నారో చూద్దాం. పేరు పెట్టి పిలుద్దాం, లోపలికి రమ్మందాం. ఆ వచ్చినవారి ద్వారా దేవుడు రేపు ఏం చేస్తాడన్నది ఆయనకే వదిలేద్దాం.